డెబ్భై మూడో నంబరు కుర్చీ

"మళ్ళీ చదువు," అన్నాడు నాన్న.

నేను చదవలేదు. ఒకసారి చదివినందుకే నాలుక కరుచుకుని కూర్చున్నాను.

"నీకే చెబుతున్నది వెరోనా. నేను ఏమయ్యానని రాశారు?"

"సూప్ చల్లారిపోతోంది నాన్నా."

"చల్లారనీ. చచ్చినవాడికి వేడి సూపెందుకు?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు. చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది.

తప్పంతా నాదే. తమ్ముడు ఎమిల్ కాలేజీకి వెళ్ళిపోయాక ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. చొక్కాల ఫ్యాక్టరీ నుంచి వస్తూనే కవరు మీద బ్రాంట్లీ కాలేజీ ముద్ర చూసి, వాడికి ఏదో బహుమానం వచ్చిందనుకుని, కోటైనా విప్పకుండా గొంతెత్తి మొదలుపెట్టాను. ముందు కళ్ళతో చదువుకుని తర్వాత నోరు తెరవాలన్న బుద్ధి ఇరవై నాలుగేళ్ళొచ్చినా నాకు లేకపోయింది.

ఉత్తరం అమ్మ పేరున వచ్చింది. మీ అబ్బాయి ఈ ఏడు మా ఫుట్‌బాల్ జట్టుకి పెద్ద అండ, యుద్ధం ముందు నుంచీ ఇన్ని ఆటలు గెలిచిన సీజను మాకు లేదు అని మొదట్లో బాగానే ఉంది. వచ్చే శనివారం తండ్రుల పండగట. ఆటగాళ్ళ తండ్రులు కొడుకుల నంబర్లు వీపున తగిలించుకుని, మైదానం అంచున వరసగా వేసిన కుర్చీల్లో కూర్చుని ఆట చూస్తారట. ఆ తర్వాత వచ్చింది అసలు వాక్యం. 'ఎమిల్ తండ్రిగారు కాలం చేశారు కనక డెబ్భై మూడో నంబరు కుర్చీలో కూర్చోవడానికి మీ ఇంటి పెద్దలెవరినైనా పంపగలరు. వీలుకాకపోతే మా జట్టు సామాన్లు చూసే ప్రాసర్ గారు కూర్చుంటారు.'

మా భాషలోకి మార్చి చదువుతూ చదువుతూ, ఆపుకోలేక, ఆ వాక్యం కూడా మార్చేశాను.

"కాలేజీవాళ్ళకి కలొచ్చిందా?" అన్నాడు నాన్న. "ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"వాడే చెప్పుంటాడు," అంది అమ్మ, పొయ్యితో చెప్పినట్టు.

"కన్న తండ్రిని పట్టుకుని..."

"నువ్వే చెప్పమన్నావు."

"నేనా?"

ఇప్పుడు తిరిగింది అమ్మ. "నువ్వే. ఈ బల్ల దగ్గరే. రెండేళ్ళ కిందట వాడు అట్టపెట్టె పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడితే ఏమన్నావు? 'గనిలో నా పక్కన పని చూసిపెడితే కాదని పోతున్నావు, ఎవరైనా అడిగితే నీ నాన్న చచ్చాడని చెప్పు పో' అన్నావు. చెప్పాడు. నా మాట ఒక్కటీ వినడని వాణ్ణి పుట్టినప్పటినుంచీ తిట్టావు కదయ్యా, ఒక్క మాట విన్నాడు."

నాన్న చెంచా కింద పెట్టాడు. కుర్చీ వెనక్కి జరిపి, టోపీ తీసుకుని, వెనక మెట్ల మీదకి వెళ్ళి కూర్చున్నాడు. నవంబరు చలిలో, కోటు లేకుండా. అమ్మ కోటు పట్టుకెళ్ళి ఆయన పక్కన పడేసి వచ్చింది. భుజాల మీద కప్పలేదు.

ఆ మంగళవారం నుంచి శుక్రవారం దాకా మా ఇంట్లో నాన్న గొంతు దాదాపు వినపడలేదు. ఉప్పు కావాలంటే ఉప్పు డబ్బా వైపు చూసేవాడు. అమ్మ అది చూసి, చూడనట్టు ఊరుకునేది. చివరికి నేనే లేచి అందించేదాన్ని. మొగుడూ పెళ్ళాల మధ్య ఉప్పు మోయడానికే నేను పుట్టానా అని ఒకసారి అడిగాను కూడా.

వినపడింది ఒక్క బిళ్ళ చప్పుడే.

మా మారో రన్ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా ఆ చప్పుడు ఉంటుంది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు. దిగేటప్పుడు గని మూతి దగ్గరి బోర్డుకి తగిలించాలి, పైకి వచ్చాక తీసి జేబులో వేసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. నాన్న ఇంటికి రాగానే తన బిళ్ళని మరియమ్మ పటం కింద అలమరలో పడేస్తాడు. ఆ చప్పుడు వింటేగానీ అమ్మ కుండ దించదు. దించి, తడి చేత్తో ఆ బిళ్ళని ఒకసారి ముట్టుకుని, పెదవులు కదుపుతుంది. ఏమని కదుపుతుందో చిన్నప్పుడు అడిగాను. "ఇవాళ్టికి ఇచ్చావు, దండం తల్లీ అని," అంది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ అదే మాట. మాట్లాడుకోని ఆ నాలుగు రోజులూ కూడా మానలేదు.

గురువారం మా మేనమామ దురో వచ్చాడు. నాన్న పని చేసే గనిలోనే కప్పుకి దుంగలు నిలబెట్టే పని ఆయనది. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, అడక్కుండానే కుండ మూత తీస్తాడు.

"బావా, గని వెనక మూతి వైపు కప్పు బాగా లేదు. నిన్నంతా చిటపటలాడుతూనే ఉంది. నీళ్ళు తోడే నీ పంపు దగ్గరికి వెళ్తే ముందు వైపునుంచే వెళ్ళు, ముందు వైపునుంచే రా. ఆ దారిన ఎవరూ నడవద్దని రాసి పెట్టాను."

నాన్న తలూపాడు.

"ఏంటక్కా, బావకి గొంతు పోయిందా?"

"పోయింది గొంతొక్కటే కాదు," అంది అమ్మ, ఉత్తరం సంగతి మొత్తం చెప్పేసింది.

దురో మామ నవ్వుతాడేమో, ఇక ఇంట్లో పెద్ద గొడవే అని భయపడ్డాను. ఆయన నవ్వలేదు. నాన్న ఎదురుగా కూర్చుని, "వెళ్ళు బావా," అన్నాడు. "వెళ్ళి కూర్చో. నిన్ను చూస్తే వాళ్ళే దిద్దుకుంటారు."

మూడు రోజుల్లో నాన్న అన్నది ఒక్క మాట. "చచ్చినవాళ్ళు బస్సెక్కరు."

శుక్రవారం అమ్మ అక్రోట్లు పెట్టి చుట్టిన తీపిరొట్టెలు మూడు కాల్చింది. క్రిస్మస్‌కి తప్ప చేయనిది. ఒకదాన్ని తెల్లగుడ్డలో చుట్టి నా ముందు పెట్టింది.

"ఇది ఆ ప్రాసర్ గారికి. రేపు నువ్వు వెళ్ళి ఇచ్చిరా."

"తమ్ముడికి?"

"వాడికి ఆయన పెడతాడులే. ఇన్నాళ్ళూ పెడుతున్నది ఆయనేగా." అమ్మ గుడ్డ ముడి మళ్ళీ బిగించింది. "వాడికి జ్వరమొస్తే తన ఇంట్లో పడుకోబెట్టుకుని పదకొండు రోజులు చూశాడని వాడి ఉత్తరాల్లో నువ్వేగా చదివావు. ఆదివారం ఆదివారం భోజనానికి పిలుస్తాడనీ, తడిసిన బూట్లు బాయిలర్ దగ్గర ఆరబెట్టి ఇస్తాడనీ. ఎవరి బిడ్డ, ఎవరు చూస్తున్నారు. మన తరఫున ఒక మనిషి వెళ్ళి మంచి మాట చెప్పొద్దూ?"

నాన్న తలుపు దగ్గర నిలబడి బూట్లు విప్పుకుంటున్నాడు. లేసు ముడి పడినట్టుంది, చాలాసేపు పట్టింది.

అమ్మ పెరట్లోకి వెళ్ళగానే నా వైపు చూడకుండా అడిగాడు. "ఆ కాగితంలో కుర్చీ నంబరు ఎంతన్నావు?"

"డెబ్భై మూడు."

నాన్న అలమర వైపు చూశాడు. నేనూ చూశాను. మంగళవారం ఆ అంకె నా నోటివెంట వచ్చింది, ముగ్గురం విన్నాం, 'కాలం చేశారు' అన్న మాట గోలలో ఎవరికీ ఎక్కలేదు. మరియమ్మ పటం కింద ఇత్తడి మీద అరిగిపోయిన అంకెలు రెండూ దీపం వెలుగులో కనపడుతూనే ఉన్నాయి. ఏడు, మూడు.

"వాళ్ళే ఇచ్చుంటారు ఏదో ఒకటి," అన్నాడు నాన్న. లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. అప్పటికే ఒకసారి కడుక్కున్నాడు.

శనివారం బొగ్గు తవ్వరు. నీళ్ళు తోడే పంపుల మనుషులు, కప్పు చూసే మనుషులు మాత్రం దిగుతారు. నాన్న ఎప్పటిలాగే ఐదింటికి తిండిడబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర అమ్మ, "మరి వెరోన ఒక్కతే వెళ్తుంది," అంది. ఆయన విననట్టే నడిచాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఇంత మొండిమనిషికి కూతురినైనందుకు తొమ్మిదింటి బస్సు కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా తిట్టుకున్నాను. ఒళ్ళో రొట్టె మాత్రం వెచ్చగా ఉంది.

బ్రాంట్లీ మైదానంలో కుర్చీలు ముప్ఫై దాకా వేశారు. ఎండ బాగా కాసింది. డాక్టరు, పచారీ కొట్టాయన, రైతులు, ఒక పాదిరీ, ఎవరైతేనేం, అందరి వీపుల మీదా తెల్లగుడ్డ, దాని మీద నీలం అంకె. పెళ్ళివారిలా ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. డెబ్భై మూడు వీపున వేసుకుని చివరి కుర్చీలో కూర్చున్న ముసలాయన మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా ఆటగాళ్ళ బూట్లకేసి చూస్తున్నాడు.

ఆయనే ప్రాసర్. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు.

"మీరు ఎమిల్ అక్కగారు కదూ? ముక్కు అదే," అన్నాడు లేచి నిలబడి.

రొట్టె ఇచ్చాను. అమ్మ చెప్పమన్నదంతా చెప్పాను. ఆయన గుడ్డ విప్పి, వాసన చూసి, మళ్ళీ జాగ్రత్తగా చుట్టాడు. "నేను చేసిందేముందమ్మా. నా భార్య పోయాక బల్ల దగ్గర ఎదురుగా ఎవరూ లేరు. మీ వాడు వచ్చి కూర్చుంటే నాకు తిండి సయిస్తోంది. నేనే మీకు చెప్పుకోవాలి."

బూర ఊదారు, ఆట మొదలైంది. ప్రత్యర్థులు హార్ట్‌వెల్ కాలేజీ. పోయిన ఏడు మావాళ్ళని నేలకి రాసి వెళ్ళారట. ఎమిల్ ముందు వరసలో, ఎడమ వైపు. బంతి పట్టుకునే పని కాదు వాడిది, ఎదుటివాణ్ణి అడ్డుకుని మనవాడికి దారి చేసే పని. వాడి పేరు పేపర్లో రాదు. ప్రతిసారీ కింద పడేదీ లేచేదీ మాత్రం వాడే.

"నేనూ పదహారేళ్ళు గనిలో ఉన్నవాణ్ణే," అన్నాడు ప్రాసర్, కళ్ళు ఆట మీదే ఉంచి. "ఈ వేళ్ళు అక్కడివే. మీ నాన్నగారు ఏ గనిలో పోయారమ్మా?"

బతికున్నాడని చెప్తే తమ్ముడు అబద్ధాలకోరు. పోయాడని చెప్తే నాకు కళ్ళు పోతాయి. అంతమంచి మనిషి ముందు రెండూ నావల్ల కాలేదు.

"మారో రన్," అన్నాను. అది నిజమే కదా, గని పేరు అదే కదా.

"ఆ పోయినవాణ్ణి నేనే," అన్నారెవరో వెనకనుంచి, విరిగిన ఇంగ్లీషులో.

నాన్న. చర్చికి వేసుకునే నల్లకోటు, కింద పని ప్యాంటు. మెడకి టై. జుట్టు తడిగా అతుక్కుని ఉంది. ముఖం కడుక్కున్నాడు గానీ కళ్ళ చుట్టూ గీతల్లో బొగ్గు అలాగే ఉంది, అది ఏ సబ్బుకీ పోదు. కోటు శుక్రవారమే గోనెసంచిలో చుట్టి పంపు గదిలో దాచాడనీ, టై తిండిడబ్బాలో పట్టుకెళ్ళాడనీ తర్వాత తెలిసింది.

ప్రాసర్ ఆయన ముఖం చూశాడు, ఆ గీతలు చూశాడు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, పిన్నులు ఒక్కొక్కటీ తీసి, గుడ్డని నా చేతికిచ్చాడు.

"కూర్చోండి. చోటు మీదే."

నాన్న కూర్చోలేదు. టోపీ తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. బస్సులో గంటన్నర వల్లించుకున్నట్టుంది, ఒక్కో ఇంగ్లీషు మాటా తడుముకుంటూ చెప్పాడు.

"నా కొడుక్కి తిండి పెట్టారు. జ్వరంలో చూశారు. నేను చూడలేదు, మీరు చూశారు. థాంక్యూ."

ఈ దేశం వచ్చి ముప్ఫై నాలుగేళ్ళు. ఆ మాట నాన్న నోటివెంట వినడం అదే మొదలు. నేను గుడ్డ విదిలించే వంకతో ముఖం పక్కకి తిప్పుకున్నాను.

"ఈ నంబరు ఎవరు ఇచ్చారు వాడికి?" అని అడిగాడు నాన్న.

"ఇవ్వడమా? కోచ్ వేరే నంబరిచ్చాడు. వద్దన్నాడు. డెబ్భై మూడు పై క్లాసువాడి దగ్గరుంటే, రెండు వారాలు వాడి బూట్లు తుడిచి మరీ పుచ్చుకున్నాడు మీవాడు. ఎందుకురా అంత పట్టు అంటే, మా ఇంటి నంబరు అన్నాడు."

నాన్న మైదానం వైపు తిరిగాడు. "మా ఇంటి నంబరు పన్నెండు," అన్నాడు.

అప్పుడు కూర్చున్నాడు. నేను వీపున గుడ్డ పెట్టి పిన్నులు గుచ్చుతుంటే ఆ వీపు కదులుతోంది. రోజుకి నాలుగు వందల చొక్కాలకి కాలర్లు కుట్టే చెయ్యి నాది, అంత చిన్న గుడ్డకి నాలుగు పిన్నులు గుచ్చడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ ఉత్తరం కొట్టిన టైపిస్టు పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆమె ఆ వాక్యం రాయకపోతే ఆ మనిషి ఆ కుర్చీలో ఉండేవాడు కాడు.

ఎమిల్‌కి ఇవేవీ తెలియవు. సగం ఆటకి జట్టంతా అవతలి గేటునుంచి గదికి వెళ్ళి, మళ్ళీ అటునుంచే వచ్చింది. మాకు కనపడేది వాడి వీపే.

మొదట్లో నాన్న చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అన్న పేరేంటని మావాడితో ఎన్నిసార్లు దెబ్బలాడాడో. మూడో భాగం మొదలయ్యేసరికి ముందుకి వంగాడు. "చూడు, చూడు, కాళ్ళు ఎలా పెట్టాడో. కప్పు కింద దుంగలా నిలబడ్డాడు," అన్నాడు. ఇంకాసేపటికి లేచి నిలబడి, మా భాషలో అరవసాగాడు. "ఎడమరా! ఎడమ! వదలకు వాణ్ణి!" పక్క కుర్చీలో డాక్టరుగారు అర్థం కాకపోయినా తనూ ఎడమ చెయ్యి ఊపాడు. మావాళ్ళు ఏడు పాయింట్లు ముందున్నారు. అంత సంతోషంగా నాన్నని నేను చూసి ఎన్నేళ్ళయిందో.

అప్పుడే ఆఫీసులో పనిచేసే ఆవిడ చీటీ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి కోచ్ హాలిగన్ చేతిలో పెట్టింది. కోచ్ మాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. చదివి, నుదురు చిట్లించి, మళ్ళీ చదివాడు. రిఫరీకి చెయ్యెత్తి ఆట ఆపించాడు.

"మిహాలిక్! ఇటు రా."

ఎమిల్ వచ్చాడు, ఒళ్ళంతా మట్టి. మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఒండ్రేయ్ మిహాలిక్ అంటే నీకేమవుతాడు?"

నా పక్కన నాన్న మెల్లగా కూర్చున్నాడు.

"ఏం? ఎందుకు?" అన్నాడు ఎమిల్.

"మారో రన్ నుంచి ఫోనొచ్చింది. ఆ మనిషి షిఫ్టు అయిపోయినా పైకి రాలేదట. పంపు దగ్గర లేడట. వెనక వైపు కప్పు కొంత కూలిందట. వెతకడానికి ఐదుగురు దిగారు. కొడుక్కి చెప్పమన్నారు. పేరు నీదే రాశారు, కానీ మీ నాన్న ఎప్పుడో..."

"మా నాన్న," అన్నాడు ఎమిల్.

"పోయాడని రాశావు కదయ్యా?"

"అబద్ధం రాశాను. ఒండ్రేయ్ మిహాలిక్ మా నాన్న. నేను పోవాలి."

"ఇప్పుడు బయటికెళ్తే ఈ భాగం అయ్యేదాకా మళ్ళీ దిగనివ్వరు."

"దిగను. మా నాన్న లోపలున్నాడు సార్," అని హెల్మెట్ లాగి గడ్డిలో పడేసి గేటు వైపు తిరిగాడు. తిరిగితే ఎదురుగా మేము.

నాన్న లేచి నిలబడ్డాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

"ఇక్కడున్నానురా," అన్నాడు.

ఎమిల్ అడుగు వేయలేదు. చూస్తూ నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని వాడికే తెలిసినట్టు లేదు, మట్టి మీద చారలు పడుతున్నాయి.

"నాన్నా, నేను అలా రాయకుండా ఉండాల్సింది..."

"నేను అనకుండా ఉండాల్సింది," అన్నాడు నాన్న. "అది నా తప్పు. నీది తర్వాత."

వాడి భుజం మీద చెయ్యి వేశాడు. అన్నిటికీ ముందు ఆ చెయ్యి అక్కడ పడినందుకు నేను ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు, మొక్కానని మాత్రం గుర్తుంది. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, చూడండి ఇక్కడే ఉన్నాడు, ఫోను తప్పు, ఎవరో పొరపడ్డారు అని కోచ్‌కి చెప్పేస్తున్నాను.

నవ్వనిది ప్రాసర్ ఒక్కడే. ఆయన ముఖం పాలిపోయింది.

"అయ్యా," అన్నాడు నాన్నతో, "ఇవాళ ఏ దారిన పైకొచ్చారు?"

"వెనక మూతినుంచి. అక్కడనుంచి బస్సు రోడ్డు దగ్గర. వద్దన్నారు గానీ... బస్సు తప్పిపోతుందని..."

"బిళ్ళ తీశారా?"

నాన్న చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. బయటికి వచ్చి, ప్యాంటు జేబులోకి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కరోజూ మర్చిపోని మనిషి. బోర్డు ముందు మూతి దగ్గరుంటుంది. రోజూ అటే వస్తాడు, రోజూ తీస్తాడు. ఇవాళ ఒక్కరోజు అటు రాలేదు. డెబ్భై మూడు అక్కడ వేలాడుతూనే ఉంది, లోపల మనిషి ఉన్నాడని చెబుతూ. ఆ మాట నమ్మి ఐదుగురు కూలుతున్న కప్పు కిందికి వెళ్ళారు.

"ఫోనెక్కడ?" అన్నాడు నాన్న. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

పరిగెత్తారు. తండ్రి ముందు, కొడుకు వెనక. తర్వాత కొడుకు ముందు. మట్టి చొక్కా మీద ఒక డెబ్భై మూడు, నల్లకోటు మీద ఒక డెబ్భై మూడు. కుర్చీల్లో తండ్రులంతా లేచి నిలబడ్డారు. ఎందుకో తెలియకపోయినా టోపీలు తీశారు.

ఆఫీసు గదిలో ఫోను ఎమిల్ ఎత్తాడు. మారో రన్ లైను ఖాళీ లేదు, ఆగమంది ఆపరేటరు. ఆగాం. గడియారం చప్పుడు వింటూ నలుగురం నిలబడ్డాం. ప్రాసర్ జేబులోంచి తన లారీ తాళంచెవి తీసి, అడక్కుండానే, బల్ల మీద పెట్టాడు. నాన్న ఆ తాళంచెవి చూసి, ఆయన్ని చూశాడు.

లైను కలిసింది.

ఎమిల్ గట్టిగా అరిచాడు. "మా నాన్న ఇక్కడున్నాడు! బతికున్నాడు, నా పక్కనే ఉన్నాడు! వాళ్ళని పైకి రమ్మనండి!"

అవతల, గని ఆఫీసులో, ఎవరో ఏడ్చారు. అమ్మ గొంతు. దండం తల్లీ, దండం తల్లీ అనడం గదంతా వినపడింది. నాన్న గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత ఇంకో గొంతు వచ్చింది, మగగొంతు. ఎమిల్ వింటున్నాడు. "ఆ," అన్నాడు. "ఆ. ఎవరు?" అన్నాడు. రిసీవరు చెవి దగ్గరే ఉంచి మా వైపు తిరిగాడు.

"నలుగురు వచ్చేశారట. దురో మామ రాలేదట."

"కప్పు పడిందా?" అన్నాడు నాన్న.

"లేదు. ఇంకా లోపలే తిరుగుతున్నాడట. బావ దొరికేదాకా రానని మిగతావాళ్ళని పంపేశాడట." ఎమిల్ ఫోను మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "మామ పిలుపు గని మూతి దాకా వినపడుతోందట నాన్నా. నీ పేరే."